తేదీలు వ్రాసే ఉద్యోగం: నిర్మాణ షెడ్యూలరు పనిలోని మంచిచెడ్డలు

(అధ్యయన తరగతిలో ఫెడరేషన్ కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి మేము ఎంచుకొన్న విషయాన్ని చూచి మీలో కొందరు ఆశ్చర్యపడినారని విన్నాము. కరువు భత్యం గురించి, పింఛను గురించి, ఖాళీల భర్తీ గురించి మాట్లాడవలసిన వేదికమీద, నిర్మాణ పనులకు తేదీలు వ్రాసే ఉద్యోగం గురించి ఒక గంట వెచ్చించుట ఎందుకని ఒక మిత్రుడు నిష్ఠూరంగానే అడిగినాడు. అందుకు మా సమాధానం చాల చిన్నది. ఈ మధ్యకాలంలో మా కార్యాలయానికి వచ్చిన ఉత్తరాలలో ఈ ప్రశ్న మాటిమాటికి కనిపించినది. ఖరగ్‌పూరు వర్క్‌షాపులో రిటైరు కాబోతున్న ఒక తెలుగు సోదరుడు ఇట్లు వ్రాసినాడు: "మావాడికి ఒక నిర్మాణ కంపెనీలో ప్లానింగ్ విభాగంలో ఉద్యోగం వచ్చినది. ఎండలో నిలబడే పని కాదట, కంప్యూటరు ముందు కూర్చొనే పనియట. జీతం నా మొదటి జీతంతో పోల్చదగినది కాదు. పంపవచ్చునా? అన్నగారూ, మీరేమంటారు?" తపాలా శాఖలో పనిచేస్తున్న ఒక సోదరి తన కుమార్తె విషయమై దాదాపు ఇదే ప్రశ్న వేసినది.

ఉత్తరాలు వ్రాయనివారు కూడ ఉన్నారు. మన రైల్వే నిర్మాణ విభాగాలలోనే కొందరికి హోదా ఒకటి, చేసే పని మరొకటి. డ్రాఫ్ట్స్‌మన్‌గానో జూనియర్ ఇంజనీరుగానో చేరి, కంప్యూటరు తెలుసునన్న నేరానికి ఈ పట్టికలకు అంకితమైపోయినవారు వారు. ఈ ప్రసంగం వారికోసం కూడ.

ముందు ఈ పని ఏమిటో చెప్పుకొందాము. రైలు పెట్టెలో నిలబడి ఉత్తరాలు వేరు చేసిన రోజులు జ్ఞాపకమున్న ఆర్.ఎం.ఎస్. సోదరులకు దీనిని బోధించటానికి పుస్తకం అక్కరలేదు. ఏ ఊరి సంచి ముందు కట్టి ముద్ర వేయవలెను, ఏది తరువాత కట్టినా నష్టం లేదు అన్న లెక్క వారి చేతివేళ్ళలో ఉండేది. విశాఖపట్నం నుండి విజయవాడ వైపు పోతున్న బండిలో సామర్లకోట సంచి పిఠాపురం దాటేలోగా సిద్ధం కాకపోతే, అది రాజమండ్రి దాకా పోయి వెనుకకు రావలసినదే. విజయవాడ సంచికి మాత్రం ఇంకను గంటల వ్యవధి ఉన్నది. సామర్లకోట సంచికి వెసులుబాటు లేదు, విజయవాడ సంచికి ఉన్నది. షెడ్యూలరు చేసే పని సరిగ్గా ఇదే. అతని పట్టికలో సంచులు పది ఇరవై కావు, వేలు. సంచులకు బదులు పునాదులు, స్తంభాలు, గర్డర్లు, స్లీపర్లు, సిగ్నలు కేబుళ్ళు ఉంటాయి.

ఒక చిన్న వంతెనను తీసుకొందాము. పునాదికి 40 రోజులు, దానిపై స్తంభానికి 30 రోజులు పట్టుననుకొనండి. అదే కాలంలో వర్క్‌షాపులో గర్డరు తయారగుటకు 60 రోజులు, అది చోటికి చేరుటకు 5 రోజులు. స్తంభం 70వ రోజున సిద్ధమైతే, గర్డరు 65వ రోజుననే వచ్చి కూర్చుంటుంది. అనగా గర్డరుకు ఐదు రోజుల వెసులుబాటు ఉన్నది, పునాదికి ఒక్కరోజు కూడ లేదు. వర్క్‌షాపులో పది రోజులు ఆలస్యమైతే వంతెన ఐదు రోజులే ఆలస్యమవుతుంది. పునాదిలో నీరు ఊరి పది రోజులు పోతే వంతెనకు పది రోజులూ పోతాయి. వెసులుబాటు లేని పనుల వరుసనే క్రిటికల్ పాత్ అంటారు. ఇంత సులభమైన లెక్క అయితే దీనికొక ఉద్యోగి ఎందుకని అడగవచ్చును. మూడువేల పనులు ఒకదానిపై ఒకటి ఆధారపడియుండి, ప్రతి శనివారం నాటికి వాటిలో రెండువందల పనుల తేదీలు మారిపోతే, ఆ వరుసను మళ్ళీ మళ్ళీ తేల్చేవాడు ఒకడు ఉండి తీరవలెను.

దీని చరిత్రను రెండు మాటలలో ముగిస్తాము. పోలెండు ఇంజనీరు కారొల్ ఆదమియెత్స్కి 1896లో ఇట్టి పట్టిక ఒకటి రూపొందించినాడు. ఆ తరువాత అమెరికాలో హెన్రీ గాంట్ ప్రచారంలోకి తెచ్చిన అడ్డుకడ్డీల పట్టికకు అతని పేరే నిలిచిపోయినది. పనుల పరస్పర సంబంధాన్ని లెక్కగట్టే పద్ధతులు 1957, 1958 సంవత్సరాలలో వచ్చినవి. ఒకటి డ్యూపాంట్ రసాయన కంపెనీ కర్మాగారాల కోసం, మరొకటి అమెరికా నౌకాదళపు పొలారిస్ క్షిపణి కోసం. 1983లో మొదలైన ప్రిమవేరా అనే సంస్థ ఈ లెక్కలు చేసే కంప్యూటరు ప్రోగ్రాములను తయారుచేసి అమ్మినది. 2008లో దానిని ఒరాకిల్ కంపెనీ కొన్నది. నేడు షెడ్యూలరు ఉద్యోగానికి పోయినవానిని మొదట అడిగేది ప్రిమవేరా వచ్చునా అనియే. గాంట్ కొంతకాలం టేలరుతో కలిసి పనిచేసినవాడు కావున, కార్మికుని ప్రతి నిమిషాన్ని పిండటానికే ఈ పట్టిక పుట్టినదని కొందరు మిత్రులు దీనిని మొదటినుంచీ అనుమానిస్తారు. ఆ అనుమానం పూర్తిగా నిరాధారం కాదు. అయితే రైలు టైంటేబులు కూడ పట్టికయే. దానిని మనం ద్వేషించుట లేదు.

ఇక మంచి సంగతులు. ఇవి నిజమైనవే, వాటిని తక్కువచేసి చెప్పుట మా ఉద్దేశం కాదు.

నిర్మాణ స్థలంలో ప్రతివాడికీ తన ముక్క మాత్రమే కనబడుతుంది. కాంక్రీటు పోయించేవానికి కాంక్రీటు, కేబులు వేయించేవానికి కేబులు. మొత్తం పని తల నుండి తోక వరకు కనబడే కుర్చీ షెడ్యూలరుది. గర్డరు డ్రాయింగు ఎందుకు ఆగినదో, భూసేకరణ ఎక్కడ చిక్కుకొన్నదో, సిగ్నలు విభాగం ఎందుకు అలిగినదో అతనికి తెలియును. అందరూ అతనితో మాట్లాడవలసినదే. చురుకైన యువకుడు ఈ కుర్చీలో రెండు మూడు సంవత్సరాలు కూర్చుంటే, ఒకే రకపు పనిలో పదేళ్ళు తిరిగినా తెలియని సంగతులు నేర్చుకొంటాడు. ఎండకు ఎండుట, వానకు తడియుట తక్కువ. పైనుంచి ఏదో పడుతుందన్న భయం తక్కువ. నిర్మాణ రంగంలో స్త్రీలకు తలుపులు మూసియున్న చోట్ల ఈ తలుపు కొంత తెరచుకొన్నది. ఆ తపాలా సోదరికి మేము వ్రాసిన జవాబులో మొదటి వాక్యం ఇదే. పైగా ఈ విద్య ఒక ఊరికి కట్టుబడినది కాదు. ఇక్కడ నేర్చినది దుబాయిలోను, దోహాలోను పనికివస్తుంది. మనవారు ఎందరో అట్లు వెళ్ళినవారే.

అయితే ఆ కుర్చీకి ఒక విచిత్ర లక్షణం ఉన్నది. అందరి పని తేదీలూ అతనే వ్రాస్తాడు, ఏ పనిమీదా అతనికి అధికారం లేదు. భూమి అప్పగించేది రెవెన్యూ శాఖ, డబ్బు విడుదల చేసేది మరెవరో, క్రేను తెచ్చేది కాంట్రాక్టరు, బండ్లు ఆపి బ్లాకు ఇచ్చేది ఆపరేటింగ్ విభాగం. వీరిలో ఎవరు తప్పినా సమీక్షా సమావేశంలో తెరమీద కనిపించే ఎర్రగీత షెడ్యూలరు గీసినదే. ప్రశ్న కూడ అతనికే వస్తుంది: "నీ షెడ్యూలు ఎందుకు వెనుకబడినది?" నీ షెడ్యూలట! మొన్నటివరకు అది అందరిదీ.

కోనసీమ సోదరులకు కోటిపల్లి-నర్సాపురం మార్గం సంగతి చెప్పనక్కరలేదు. కాకినాడ-కోటిపల్లి పట్టాలను రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పీకివేసినారు. ఆ ముక్క 2004లో తిరిగి వచ్చినది. అక్కడ నుండి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలమీదుగా నర్సాపురం చేరవలసిన మార్గం ఈ శతాబ్ది తొలినాళ్ళలో మంజూరైనది. ఇరవై ఏళ్ళు దాటినా బండి రాలేదు. ఇన్ని సంవత్సరాలలో ఎన్ని పట్టికలు తయారైయుంటవో, ఎందరు షెడ్యూలర్లు వాటిలో తేదీలు జరిపియుంటారో ఊహించుకొనండి. ఏటేటి కేటాయింపు, భూమి, రాష్ట్ర వాటా అనే మూడు ముడులూ పట్టిక బయట ఉన్నవి. లోపల కూర్చున్నవాడు ఎంత నేర్పరి అయినా వాటిని విప్పలేడు.

ఉద్యోగ భద్రత మాట. ప్రైవేటు కంపెనీలలో ఈ నియామకాలు చాలభాగం ప్రాజెక్టు ఉన్నంతవరకే. పని ముగింపు దశలో ఏ సిబ్బందిని ఏ నెలలో తొలగించవలెనో కూడ పట్టికలో వ్రాస్తారు. ఆ వరుసలో ప్లానింగ్ విభాగం కూడ ఉంటుంది. అనగా తన ఉద్యోగం ఊడే తేదీని తానే టైపు చేసి, తానే ముద్రించి, తానే అధికారికి అందించే వృత్తి ఇది. దీనిని తలచుకొని నవ్వుకొనే షెడ్యూలర్లను చూచినాము. ఆ నవ్వు మాకు నచ్చలేదు. పైపెచ్చు కంపెనీలు వీరికి ఇంజనీరు, ఎగ్జిక్యూటివ్ వంటి బిరుదులిచ్చి వర్క్‌మన్ నిర్వచనానికి బయట నిలబెడతాయి. బిరుదుకు జీతం లేదు, ఓవర్‌టైము లేదు, యూనియను లేదు. నెలాఖరు నివేదిక రోజులలో రాత్రి పన్నెండు దాటేదాకా కార్యాలయంలోనే.

ఇంతవరకు చెప్పినవి ఏ ఉద్యోగంలోనైనా ఏదో రూపంలో ఉండే కష్టాలే. ఈ ఉద్యోగానికే ప్రత్యేకమైనది ఒకటున్నది. అది ఇతరుల శరీరాలకు సంబంధించినది. అందువలననే ఈ గంట మీ సమయం తీసుకొన్నాము.

షెడ్యూలు యంత్రంలో క్యాలెండరు అనే అర ఒకటి ఉంటుంది. వారానికి ఎన్ని రోజులు పని, రోజుకు ఎన్ని గంటలు, ఏవి సెలవులు అన్నది అందులో నింపుతారు. ఆదివారం గడిలో ఉన్న సెలవు గుర్తును తీసివేస్తే, ఆరు రోజుల వారం ఏడు రోజుల వారమవుతుంది. 420 పనిదినాలున్న ప్రాజెక్టు 70 వారాలలో ముగియవలసినది 60 వారాలలోనే ముగుస్తున్నట్లు ఆ క్షణంలోనే తెరమీద కనబడుతుంది. ఒక ఇటుక పేర్చనక్కరలేదు, ఒక రూపాయి ఖర్చుచేయనక్కరలేదు. గడువు మీరుతున్నదన్న సమావేశానికి ముందురోజు సాయంత్రం, "ఒకసారి సెవెన్ డే పెట్టి చూడు" అన్న మాట ప్రతి షెడ్యూలరు చెవిన పడియుంటుంది. అతను ఆ గుర్తును తీసిన చోట, ఎక్కడో రేకుల షెడ్డులో ఉంటున్న నాలుగువందల మంది ఆదివారాలు పోతాయి. వారి పేర్లు అతనికి తెలియవు. అతని పట్టికలో వారు ఫిట్టర్లు ఇన్ని, హెల్పర్లు ఇన్ని అనే అంకెలు మాత్రమే.

ఇదే అర సరిగా వాడినచోట కార్మికుని కాపాడుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుండి మూడు గంటల దాకా ఎండలో పని చేయించరాదన్న నియమం చాల ఏళ్ళుగా ఉన్నది. అక్కడ పనిచేసి వచ్చిన ఒక సోదరుడు మాతో అన్నాడు: "వేసవి మూడు నెలలకు నేను వేరే క్యాలెండరు పెట్టేవాడిని. విరామం ముందే లెక్కలో ఉంటే దానిని దొంగిలించవలసిన అవసరం ఎవరికీ రాదు." విశ్రాంతి చట్టంలో ఉండుట ఒక ఎత్తు, పట్టికలో ఉండుట ఒక ఎత్తు అని అతని అనుభవం. మన ఊళ్ళలో రోహిణి కార్తెకు వేరు క్యాలెండరు పెట్టిన నిర్మాణ పట్టికను మేమింకను చూడవలసియున్నది.

ఇప్పుడొక సంఘటన చెబుతాము. చోటు చెప్పము, కాంట్రాక్టరు పేరు చెప్పము. చెప్పినవాడు మా మధ్య మసలే మనిషి, ఆనాడు ఆ కాంట్రాక్టరు దగ్గర షెడ్యూలరు.

నడుస్తున్న లైనుమీద పాత గర్డరు తీసి క్రొత్తది పెట్టవలెను. ఇట్టి పనులలో రోజుల లెక్క ఉండదు, నిమిషాల లెక్క ఉంటుందని రైల్వే సోదరులకు తెలియును. అతను వేసిన లెక్క ఇది. కరెంటు నిలిపి, తీగలకు ఎర్తింగ్ చేసి పర్మిటు చేతికి వచ్చేసరికి 25 నిమిషాలు. పట్టాల ప్యానెలు తొలగించుటకు 20. పాత గర్డరు ఎత్తి పక్కన పెట్టుటకు 35. స్తంభంపై బెడ్ బ్లాకును శుభ్రపరచి సిద్ధం చేయుటకు 25. క్రొత్త గర్డరు దింపుటకు 40. ప్యానెలు తిరిగి కలుపుటకు 30. ప్యాకింగ్, తనిఖీ 15. వెరసి 190 నిమిషాలు, అనగా మూడు గంటల పది నిమిషాలు. దొరికిన బ్లాకు రెండున్నర గంటలు. నలుబది నిమిషాలు ఎక్కువైనది.

పై అధికారి ఆ పట్టికను తెప్పించుకొని రెండు మార్పులు చేయించినాడు. ఎర్తింగ్‌కు 25 బదులు 10 అని వ్రాయించినాడు. పాత గర్డరు పూర్తిగా పక్కకు చేరినాకనే బెడ్ బ్లాకు పని మొదలుకావలెనన్న లంకెను తీయించి, రెండూ ఒకేసారి నడుచునట్లు పెట్టించినాడు. మొదటిదానివలన పదిహేను, రెండవదానివలన ఇరవైయైదు, సరిగ్గా నలుబది నిమిషాలు కలిసివచ్చినవి. కాగితం మీద పని రెండున్నర గంటలకు సరిపోయినది. షెడ్యూలరు రిమార్కుల గడిలో, "ఈ రెండు పనులు ఒకేసారి జరుపరాదు, హుక్కు క్రింద మనుషులుంటారు" అని వ్రాసినాడు. కాగితం వెడల్పు చాలలేదని ముద్రించునపుడు ఆ గడిని వదలివేసినారు. క్రింద అతని సంతకం మాత్రం ఉన్నది.

ఆ రోజున పాత గర్డరు ఇంకను గాలిలో ఉండగానే బెడ్ బ్లాకు ముఠాను పైకి పంపినారు. గర్డరు ఊగినది. శ్రీకాకుళం జిల్లా నుండి వచ్చిన ఒక హెల్పరు కాలు గర్డరుకు స్తంభానికి నడుమ పడి మోకాలి క్రింద నలిగిపోయినది. బ్లాకు కూడ రెండున్నర గంటలకు ముగియలేదు, నాలుగు దాటినది. అంతసేపు బండ్లు వెనుక స్టేషన్లలో నిలిచిపోయినవి. లోకో పైలట్ల డ్యూటీ గంటలు మీరినవి. టపా సంచులు మరునాటికి పోయినవి. పట్టికలో తీసివేసిన నలుబది నిమిషాల కోసం ఎందరు తిట్లు తిన్నారో మీరే లెక్కించుకొనండి. ఆ తిట్లు తిన్నవారిలో మీలో కొందరు ఉండి ఉండవచ్చును.

విచారణలో మొదటి ప్రశ్న, "ఈ షెడ్యూలు తయారు చేసినది ఎవరు?" సంతకం చూపినారు. ముందు పంపిన మూల పట్టికను, రిమార్కుల గడితో సహా, అతను భద్రపరచుకొన్నందువలన అభియోగం నుండి బయటపడినాడు గాని, ప్రాజెక్టు ముగియకముందే అతని కాంట్రాక్టు ముగిసినది. కాలు పోయిన మనిషి విషయంలో కాంట్రాక్టరు, ఆ పేరు గలవాడు ఆ రోజు మస్టరులోనే లేడని వాదించినాడు. అప్పుడు ఉపయోగపడినది కూడ ఆ షెడ్యూలరు కాగితమే. బ్లాకులో పనిచేసే ముఠాల పేర్లపట్టీని పట్టికకు జతగా అతను తయారుచేసియున్నాడు. ఆ పట్టీలో ఆ హెల్పరు పేరు ఉన్నది, వేళ ఉన్నది. 1923 నాటి నష్టపరిహార చట్టం క్రింద అతనికి డబ్బు వచ్చినది ఆ ఒక్క కాగితం వలననే. కాలు రాలేదు.

ఒకే మనిషి వ్రాసిన ఒకే పట్టిక. మార్చబడినపుడు ఒకని కాలు తీసినది, మార్చకుండ నిలిచిన భాగం ఆ మనిషికే సాక్ష్యం పలికినది. ఈ ఉద్యోగం మంచిదా చెడ్డదా అని అడిగినవారికి మేము జీతం లెక్క చెప్పక ఈ కథ చెబుతున్నాము.

తేదీ సాక్ష్యమగుట అన్నది మన ఉద్యమానికి క్రొత్త సంగతి కాదు. రైల్వే ప్రాజెక్టులలో సంవత్సరాల తరబడి క్యాజువల్ లేబరుగా పనిచేసినవారి కేసులో, ఇందర్ పాల్ యాదవ్ పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో, 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 360 రోజుల అవిచ్ఛిన్న సేవ ఉన్న ప్రాజెక్టు క్యాజువల్ కార్మికులకు తాత్కాలిక హోదా కల్పించే పథకాన్ని కోర్టు కొన్ని మార్పులతో ఆమోదించినది. ఆ తీర్పు వచ్చిన తరువాత కార్మికులు ఏమి చేయవలసివచ్చినదో పాత కార్యకర్తలకు జ్ఞాపకమే. తాము పనిచేసిన రోజులను రుజువు చేయవలసివచ్చినది. వేలిముద్ర వేసి కూలి తీసుకొన్న మనిషి, కార్డు వానలో తడిసి చిరిగిపోయిన మనిషి, ఏ వంతెన ఏ నెలలో కట్టినాడో ఎట్లు చెప్పగలడు? తరువాత 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టం కూడ, సంక్షేమ నిధి సభ్యత్వానికి పండ్రెండు నెలలలో 90 రోజుల పని చూపవలెనన్నది. మళ్ళీ రోజుల లెక్కయే. ఏ పని ఏ రోజున ఎందరితో జరిగినదో నిజంగా వ్రాసిన పట్టిక ఎక్కడ ఉన్నదో, అక్కడ కార్మికుని రుజువు కొంత ఉన్నది.

వేగానికి మేము వ్యతిరేకులమని ఎవరూ అనుకొనవద్దు. 1964 డిసెంబరు తుఫానులో పాంబన్ వంతెన కొట్టుకొనిపోయినపుడు, శ్రీధరన్ గారి ఆధ్వర్యాన దానిని 46 రోజులలో పునరుద్ధరించినారు. ఇచ్చిన గడువు మూడు నెలలు. క్రొత్త గర్డర్లు ఎక్కడినుండో వచ్చేదాకా వేచియుండక, సముద్రంలో పడినవాటిని పైకి తీసి అమర్చుట వలన అది సాధ్యమైనది. పనిచేసే దారిని మార్చి కాలాన్ని తగ్గించుట అంటే అది. అదే శ్రీధరన్ గారి నాయకత్వంలో 1990లో ఆరంభమైన కొంకణ్ రైల్వే, ఐదేళ్ళలో ముగించవలెనని తలపెట్టిన సుమారు 740 కిలోమీటర్ల మార్గం, 1998 జనవరి 26న గాని పూర్తిగా తెరువబడలేదు. గోవాలోని పెర్నెం సొరంగంలో మెత్తని మట్టి మాటిమాటికి కూలినది. ఎంత సమర్థుడైనా మట్టికి ఆజ్ఞాపించలేడు. అందువలన ఆ ఆలస్యాన్ని మేము అపకీర్తిగా లెక్కించము. తరువాత ఢిల్లీ మెట్రో కార్యాలయాలలో ఇక ఎన్ని రోజులున్నవో చూపే గడియారాలు పెట్టినారు. అవి గొప్పవే, కాని మట్టికి గడియారం కనబడదన్న సంగతి కొంకణ్‌లో పనిచేసినవారికే బాగుగా తెలియును.

2023 ఆగస్టులో మిజోరంలో బైరాబి-సాయిరాంగ్ రైలు మార్గంపై కట్టుచున్న వంతెనవద్ద గ్యాంట్రీ కూలి ఇరవైమందికి పైగా కార్మికులు మరణించినారు. వారిలో చాలమంది పశ్చిమ బెంగాలులోని మాల్దా ప్రాంతం నుండి పొట్టచేతపట్టుకొని వచ్చినవారు. ఆ దుర్ఘటనకు తేదీల ఒత్తిడి కారణమని మేము అనుట లేదు. అట్లనుటకు మా చేత ఆధారం లేదు. మేమనేది వేరు. ఇట్టిది జరిగినపుడు ఏ షెడ్యూలు పట్టికలోనైనా కనబడేది ఒక్కటే, ఒక కడ్డీ కొంచెం కుడివైపుకు పొడుగవుతుంది. 2025 సెప్టెంబరులో ఆ మార్గం ప్రారంభమైనది.

ఈ పరిస్థితిలో మనం కోరవలసినవి ఏమిటి? పట్టికను ఎవరి ఆజ్ఞపై మార్చినారో ఆ పేరు, తేదీ పట్టికలోనే ఉండవలెను. షెడ్యూలరు వ్రాసిన రిమార్కు లేకుండ ముద్రించిన ప్రతి చెల్లరాదు. బ్లాకు పనుల నిమిషాల పట్టికను ముందురోజున క్షేత్రస్థాయి సూపర్‌వైజరు, ముఠా మేస్త్రీ చదివి విని, కుదరదన్నచోట కుదరదని చెప్పే హక్కు కలిగియుండవలెను. రైల్వే నిర్మాణ విభాగాలలో ఈ పనికి ప్రత్యేకమైన పోస్టు, దానికి తగిన గ్రేడు ఉండవలెను. అరువు మనుషులతో నెట్టుకొనిరాకూడదు. వారపు సెలవు లేని క్యాలెండరుతో తయారైన పట్టికను రైల్వే యంత్రాంగం ఆమోదించరాదు అన్నది మా అభిప్రాయంలో అన్నిటికంటె ముఖ్యమైనది. దీనికి ఒక్క పైసా అదనపు ఖర్చు లేదు. ఆమోదించే అధికారి ఆ అరను తెరచి చూడటానికి పట్టేది రెండు నిమిషాలు.

మీ శాఖలలో నిర్మాణ పనులు జరుగుచున్నచోట ఈ ఒక్క ప్రశ్నను స్థానిక సమావేశాలలో అడిగి చూడండి: ఈ పనికి క్యాలెండరు ఆరు రోజులదా, ఏడు రోజులదా? సమాధానం చెప్పటానికి ఎంత తడబడతారో చూచి మాకు వ్రాయండి.

ఖరగ్‌పూరు సోదరునికి పంపండి అనియే వ్రాసినాము. కుర్రవాడు వెళ్ళినాడు. ఆరు నెలల తరువాత ఆ కుర్రవాడే స్వయంగా మాకు ఉత్తరం వ్రాసినాడు. పని నచ్చినదట, చాల నేర్చుకొంటున్నాడట. చివర ఒక మాట అడిగినాడు: "వచ్చే నెల సమీక్షకు ఆదివారాలు కలిపి చూపమంటున్నారండీ. కాదంటే ఉద్యోగం ఉండదు. ఏమి చేయమంటారు?" కాదని ఉద్యోగం పోగొట్టుకొమ్మని ఇరవైమూడేళ్ళ పిల్లవానికి దూరాన కూర్చుని చెప్పటానికి మాకు నోరు రాలేదు. రెండు పట్టికలూ తయారుచేయమన్నాము, ఆరు రోజులది ఒకటి, ఏడు రోజులది ఒకటి. ఏడు రోజులదానిపైన ఎన్ని వేల మనిషి-ఆదివారాలు పోతున్నవో అంకె వేసి, రెండూ కలిపి పంపమన్నాము. ఏది కావలెనో అడిగినవారినే సంతకం పెట్టి తీసుకొమ్మనమన్నాము. మూల ప్రతి తన దగ్గర ఉంచుకొమ్మన్నాము. సమీక్ష ఇంకను జరుగలేదు. అతని నుండి ఉత్తరం వచ్చినపుడు ఈ పత్రికలోనే తెలియజేస్తాము.

ఇక మీ ప్రశ్నలకు సిద్ధంగా ఉన్నాము. నిర్మాణ విభాగం నుండి వచ్చిన సోదరులు ముందు మాట్లాడవలెనని కోరుతున్నాము.